శుక్రవారం తేమ

అత్త పొగ వేసిన మర్నాడు వెంట్రుక కడగడం అనార్కాన్ పని. ఎవరూ అప్పజెప్పింది కాదు. పొయ్యి వెలిగించకముందే షెడ్డులోకి వెళ్ళి, గాలిలో తేమ చూపించే ఇత్తడి చట్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, అందులో నిలువునా బిగించిన ఒక్కగానొక్క వెంట్రుకని, పిల్లలు రంగులేసుకునే మెత్తటి కుంచెతో పైనుంచి కిందికి తుడుస్తుంది. గడ్డకట్టకుండా స్వెట్టర్ లోపల దాచుకున్న సీసాలోని శుద్ధమైన నీళ్ళతో తుడవాలి. వేలు తగలకూడదు. వేలికుండే జిడ్డు పొగకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. కుంచె మొన పసుప్పచ్చగా మారితే మసి వదులుతున్నట్టు లెక్క. తెల్లగా మిగిలేదాకా కడిగి, చట్రాన్ని తిరిగి తెల్ల పెట్టెలో తగిలించి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, తన నోట్‌బుక్కులో పెన్సిలుతో రాసుకుంటుంది. ఈ శనివారం కూడా రాసింది. "కడగకముందు 63. కడిగాక 49. పొగ."

సారీ-బెల్ కనుమ మీద, వేడీ తేమా కొలిచే ఆ తెల్ల పెట్టె కోసమే ఇల్లు కట్టారు గానీ ఇంటి కోసం పెట్టె పెట్టలేదు. గొర్రెల కాపర్లు వేసవిలో నాలుగు నెలలు ఉండి దిగిపోతారు. మిగతా ఎనిమిది నెలలూ అక్కడ మనుషులని చెప్పుకోవడానికి ముగ్గురే. వాతావరణ కేంద్రం అధిపతి మెదెర్, అతని తల్లి సోనున్, అతని పెళ్ళాం. పెళ్ళాం పేరు అనార్కాన్ అని మనకి తెలుసు గానీ ఆ ఇంట్లో ఆ పేరు వినిపించి పదకొండేళ్ళయింది. అత్తకి ఆమె "కోడలు". మొగుడికి "ఏమే". కింద జిల్లా కేంద్రంలోని రేడియోవాళ్ళకి ఆమె గొంతు ఉందనే తెలియదు, ఎందుకంటే అంకెలు ఆమె చీటీ మీద రాసి ఇస్తే చదివేది మెదెర్. మంచి గంభీరమైన గొంతు అతనిది. ఆ గొంతుతో మంచు పడుతోందని చెబితే, అతనే దగ్గరుండి కురిపిస్తున్నాడనిపిస్తుంది.

మూడు గంటలకొకసారి పెట్టె దగ్గరికి వెళ్ళి చూసి రావాలి. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది సార్లు. కాగితం మీద ఈ ఎనిమిది వేళల్నీ ఇద్దరు మగవాళ్ళు పంచుకుంటారు. ఒకరు మెదెర్, రెండోవాడు అతని తమ్ముడు. తమ్ముడు నగరంలో టాక్సీ నడుపుతాడు. కనుమ ఎక్కి తొమ్మిదేళ్ళయింది. అయినా రిజిస్టరులో అతని సంతకం ఒక్కరోజు తప్పలేదు. మెదెర్ సంతకానికి చివర గొర్రెకొమ్ములా వంకీ ఉంటుంది, తమ్ముడి సంతకంలో మధ్యలో చుట్ట. రెండూ పెట్టేది అనార్కానే. ఒకసారి బ్యాంకు కాగితం మీద మెదెర్ నిజంగా తన సంతకం తాను పెట్టుకుంటే, వంకీ సరిగ్గా రాలేదని కాగితం తిప్పి పంపారు.

ఆమెకి పని నేర్పింది క్లావ్దియా. పాతకాలం నుంచీ అక్కడ పనిచేసిన ముసలావిడ, అనార్కాన్ కోడలుగా వచ్చిన ఏడాదే రిటైరై దిగిపోయింది. ఉన్న రెండు నెలల్లో ఈ కొత్త పెళ్ళికూతుర్ని రెక్క పట్టుకుని పెట్టె దగ్గరికి లాక్కుపోయేది. "ఊపిరి బిగబట్టు పిల్లా, నీ ఊపిరి కూడా వేడే. ముందు పాయింటు తర్వాతి అంకె చూడు, తర్వాత పెద్ద అంకె చూడు. పెద్దది ఎక్కడికీ పారిపోదు, చిన్నదే నువ్వు నిలబడ్డ వేడికి జారిపోతుంది," అనేది. "ఈ పెట్టె మీద రంగు పాతబడితే ఎండ మింగుతుంది, అర డిగ్రీ వేడి ఎక్కువ చూపిస్తుంది. గాలి జోరు కొలిచే గిన్నెలున్నాయే, వాటి ఇరుసులో దుమ్ము చేరితే తుఫాను వచ్చినా బద్ధకంగా తిరుగుతాయి. థర్మామీటరుకి చుట్టిన తడిగుడ్డ మురికి పడితే అబద్ధాలాడుతుంది. అన్నీ అరిగేవే. అరిగిపోవడం తప్పు కాదు. ఎంత అరిగిందో రాసిపెట్టకపోవడం తప్పు." వెంట్రుక దగ్గరికి వచ్చేసరికి ముసలావిడ గొంతు తగ్గేది. "ఇది ఎవరో ఆడదాని తల్లోదే. మగాళ్ళది ఇంత పొడుగు ఎక్కడుంటుంది? చాలా రోజులు పొడిగాలిలో పడి ఉంటే దీనికి తిమ్మిరెక్కుతుంది. తేమ వచ్చినా సాగదు. అప్పుడు తడిగుడ్డ చుట్టి ఓ పూట ఊరికే వదిలెయ్. మళ్ళీ ప్రాణం వస్తుంది."

ఓ పూట ఊరికే వదిలెయ్యడమన్న మాట విని అనార్కాన్ అప్పట్లో నవ్వింది. తర్వాత తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడు నవ్వు రాలేదు.

రిజిస్టరులో చివర "గమనికలు" అని ఒక గడి ఉంటుంది. మొదటి ఏడాది ఆమె అందులో రాయబోతే మెదెర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "గమనిక రాస్తే ఆఫీసువాళ్ళు ప్రశ్న వేస్తారు. ప్రశ్న వేస్తే మనిషిని పంపుతారు. మనిషి వస్తే గొర్రె కొయ్యాలి. ముల్లు ఏం చూపిస్తే అది రాయి, నోరు మూసుకో." ముల్లు చూపించింది రిజిస్టరులో రాసింది. ముల్లు ఎందుకలా చూపించిందో తన నోట్‌బుక్కులో రాసుకుంది. రంగు ఎప్పుడు పెచ్చులూడింది, కొత్త రంగు అడగడానికి మొగుడు ఒప్పుకోకపోతే గోడకేసే సున్నమే కలిపి ఎప్పుడు పూసింది, పూసినరోజు మధ్యాహ్నం ఎంత తగ్గింది, గిన్నెలకి నూనె ఎప్పుడు వేసింది, అత్త పొగ ఎప్పుడు వేసింది. పదకొండేళ్ళకి పధ్నాలుగు నోట్‌బుక్కులు. పిండి డబ్బా వెనకాల ఉంటాయి. అక్కడికి మెదెర్ చెయ్యి ఎప్పుడూ వెళ్ళదు.

ఆ శనివారం తొమ్మిది గంటల అంకెలు చదివాక మెదెర్ రేడియో దగ్గర్నుంచి లేచి వచ్చాడు. మొహంలో రక్తం లేదు. "ఆఫీసు నుంచి మనిషి వస్తోంది. గంటలో ఇక్కడుంటుందట. కిందటి శీతాకాలం వాళ్ళు పాతిపోయిన ఆ ఆటోమేటిక్ కొలతల స్తంభానికీ మన పెట్టెకీ పొంతన కుదరడం లేదట. చూడు, మాట్లాడేది నేను. నువ్వు మాంసం పెట్టు, టీ పొయ్యి, పిలిస్తే తప్ప రాకు. తలగుడ్డ మార్చుకో, ఆ గుడ్డ చూస్తే నిన్ను తిండి పెట్టకుండా మాడుస్తున్నాననుకుంటుంది."

"పెట్టె తలుపు బందు వదులైంది. మీరు తీసేటప్పుడు..."

"పెట్టె సంగతి నాకు నువ్వు చెబుతావా?"

అనార్కాన్ పిండి కలిపింది.

వచ్చినావిడ పేరు తాజిగుల్. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, కళ్ళజోడు, మోకాళ్ళదాకా బూట్లు. జీపు దిగగానే ఇంట్లోకి రాకుండా ముందు కంచె చుట్టూ ఒకసారి తిరిగి, పెట్టె చెక్కల సందుల్లోంచి లోపలికి తొంగి చూసింది. ఆ తిరగడం చూసి, ఈవిడకి మర్యాదగా గొర్రె తలకాయ పెట్టినా లాభం లేదని అనార్కాన్ కి వంటింటి కిటికీలోంచే అర్థమైంది. మెదెర్ కి అర్థం కాలేదు. "అక్కయ్యా, రండి రండి, చలిలో వచ్చారు, ముందు భోంచెయ్యాలి, పనిదేముంది," అంటూ చెయ్యి పట్టుకున్నంత పని చేసి లోపలికి తెచ్చాడు. చేతులు కడుక్కున్నారు. పళ్ళెం నిండా నూడుల్స్, పైన మాంసం, దాని మీద కొవ్వు తేలే పులుసు. అయిదు వేళ్ళతో తినే తిండి అది. మెదెర్ అయిదు వేళ్ళతోనూ తిన్నాడు, మోచేతిదాకా కారింది. తాజిగుల్ రెండు ముద్దలు తిని, వాచీ చూసి, "పన్నెండు కావస్తోంది. పదండి, ఇద్దరం కలిసి చూద్దాం. నా దగ్గర సరిపోల్చే పరికరం ఉంది," అంది.

మెదెర్ చేతులు తుండుగుడ్డకి తుడుచుకున్నాడు. కడుక్కోలేదు. వంటింట్లో అనార్కాన్ అంట్లగిన్నె దించి కిటికీ దగ్గరికి జరిగింది.

కిటికీలోంచి అంతా కనిపించింది. మెదెర్ మెట్లెక్కాడు. తలుపు విసురుగా తీశాడు, బందు ఊడి వేలాడింది. థర్మామీటరుకి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి నోటితో ఊపిరి వదులుతూ ముందు పెద్ద అంకె చదివాడు. చిన్న అంకె చదివేసరికి అది జారిపోయి ఉంటుంది, ఆమెకి తెలుసు. తర్వాత, పనిలో చురుకుదనం చూపించాలనుకున్నాడో ఏమో, "ఇదిగో అక్కయ్యా, ఇది తేమ చూసేది," అన్నట్టు చెయ్యి జాపి చూపుడు వేలితో వెంట్రుకని మీటాడు. గొర్రె కొవ్వున్న వేలితో. పొద్దున్నే స్వెట్టర్ లోపలి నీళ్ళతో కడిగిన వెంట్రుక అది. ముల్లు అటూ ఇటూ ఊగి ఎక్కడో ఆగింది. తాజిగుల్ మెదెర్ వేలి వంక చూసి, తన పుస్తకంలో ఏదో రాసుకుంది.

తిరిగొచ్చి టీకి కూచున్నారు. తాజిగుల్ లాప్‌టాప్ తెరిచి ఒక గీతల బొమ్మ చూపించింది. అనార్కాన్ పక్కనే నేల మీద మోకాళ్ళ మీద కూచుని టీ పోస్తోంది. కోడలు పోసే టీ సగం కప్పే ఉండాలి. సగం పోస్తే ఇంకా కూచోమని మర్యాద. నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమని అర్థం. ఈ సంగతి ఆ కనుమ మీద చంటిపిల్లకి కూడా తెలుసు.

"మధ్యాహ్నం వేడి పదకొండేళ్ళుగా మెల్లమెల్లగా పెరిగింది, మధ్యలో రెండుసార్లు హఠాత్తుగా తగ్గింది," అంది తాజిగుల్. "రంగు పాడైతే అలా అవుతుంది, అర్థం చేసుకోగలను. కానీ ఇది చూడండి. ఏడేళ్ళ కిందట, ఒక జనవరి నుంచి, ప్రతి శుక్రవారం సాయంత్రం తేమ ఎగిరి దూకుతోంది. శనివారం పొద్దున్నకి మామూలైపోతుంది. గాలికి వారం తెలుస్తుందా మెదెర్ గారూ? శుక్రవారం వచ్చిందని మబ్బుకి ఎవరు చెబుతారు? ఇది మనిషి పని. ఇంట్లో పొయ్యి దగ్గర కూచుని అంకెలు అల్లుతున్నారు."

మెదెర్ కప్పు కింద పెట్టాడు. గంభీరమైన గొంతు ఎటు పోయిందో. తర్వాత దొరికింది, నవ్వుతో సహా.

"దాచేదేముంది అక్కయ్యా, మీరు ఇంటి మనిషిలాంటివారు. నాకు ఒంట్లో బాగోలేనప్పుడు, ఎప్పుడైనా పని మీద కిందికి దిగినప్పుడు, మా ఆవిడని చూడమంటాను. అదీ ఎప్పుడో. ఆడమనిషి కదా. శుక్రవారం పోయినవాళ్ళ పేరు మీద నూనెలో రొట్టెలు వేయించే రోజు. చెయ్యి పిండిలో, మనసు మూకుట్లో. ఒక అంకెకి ఇంకో అంకె రాసేసి ఉంటుంది. నేను గట్టిగా చెబుతాలెండి."

ఎప్పుడో! అనార్కాన్ కి లోపల్లోపల నవ్వొచ్చింది. పదకొండేళ్ళ మంచులో ఎడం బుగ్గ మీద నల్లగా మిగిలిన మచ్చ ఎప్పుడో వెళ్ళినందుకు వచ్చిందా? తుఫానులో దారి తప్పకుండా ఇంటి నుంచి పెట్టెదాకా కట్టిన తాడు ఆమె అరచేతుల కొలతకి అరిగిపోయింది, అది ఎప్పుడో పట్టుకున్నందుకా? తప్పు చేసిందంటే పడేది. మూకుడు దగ్గర కూచుని రాసిందంటే పడేది. ఇంట్లో ఎన్ని పడలేదు. కానీ ఏడేళ్ళ కిందటి ఆ జనవరి గురించి ఈయన నోటితో, ఈ నవ్వుతో! ఆ జనవరిలో ఈయన ఎక్కడున్నాడు? కింద ఊళ్ళో పెళ్ళి విందులో ఉన్నాడు. వెళ్ళేటప్పుడు జీనుకి సంచి కట్టుకుంటూ, "ఒక్క వేళ తప్పినా నా ఉద్యోగం పోతుంది, గుర్తుంచుకో," అన్నాడు. ఏడో నెల పొట్టతో ఆమె తాడు పట్టుకుని వెళ్ళింది. పన్నెండు గంటల వేళ. పెట్టె మెట్ల మీద గట్టిపడిన మంచుకి కాలు జారింది. పడ్డాక లేచి మెట్లెక్కింది, అదీ ఆమె తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేని సంగతి, లేచి ఇంటికి పోలేదు, మెట్లెక్కి ఊపిరి బిగబట్టి ముందు చిన్న అంకె చూసింది. నాలుగు. తర్వాత పెద్దది. మైనస్ ఇరవై ఏడు. మూడు గంటల వేళకి కూడా వెళ్ళింది. రాత్రికి పుట్టిన పిల్ల ఏడవలేదు. అత్త ఒక పాత దుప్పటి ముక్కలో చుట్టి కంచె అవతల ఎక్కడో పెట్టి వచ్చింది, ఎక్కడో చెప్పలేదు. ఊపిరి తియ్యని పిల్లకి పేరు పెట్టరు, కాగితం ఇవ్వరు. ఆ పిల్ల ఈ లోకానికి వచ్చిందనడానికి ఉన్న ఒకే ఒక్క ఆనవాలు ఆ రోజు పెన్సిలు రాత. అది కూడా పిండి డబ్బా వెనకాల.

ఆ తర్వాత అయిదో రోజున దిగివచ్చిన మెదెర్ ముందు రిజిస్టరు చూసుకున్నాడు. ఒక్క వేళ కూడా తప్పలేదని చూసి, "పరవాలేదు," అన్నాడు. అత్త మాట వేరు. "ఆ పెట్టె మీద పెట్టిన శ్రద్ధ కడుపు మీద పెట్టుంటే..." అని మొదలుపెట్టి ఎప్పుడూ పూర్తి చెయ్యదు. ఏడేళ్ళుగా పూర్తి చెయ్యడం లేదు.

"మెదెర్ గారూ, టీ కారిపోతోంది," అంది తాజిగుల్.

అప్పుడు చూసుకుంది అనార్కాన్. మొగుడి కప్పు అంచుదాకా నిండి, పొర్లి, బల్లగుడ్డ మీదికి పాకుతోంది. మూలన కూచున్న అత్త అది చూసింది. మెదెర్ చూశాడు. "చూశారా అక్కయ్యా, ధ్యాస ఎక్కడుందో," అని మెదెరే నవ్వాడు మళ్ళీ.

తాజిగుల్ నవ్వలేదు. "ఈ పదకొండేళ్ళనీ అనుమానాస్పదం కింద రాస్తాను," అంది లాప్‌టాప్ మూస్తూ. "మూడు గంటల వేళ కూడా చూసి బయల్దేరతాను."

బయట చేతులు కడుక్కునే చోట అనార్కాన్ వేన్నీళ్ళ కెటిల్ పట్టుకుని నిలబడింది. పరాయి మనిషి చేతుల మీద నీళ్ళు పోస్తూ, పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ఇంటికొచ్చిన అతిథిని ఒక ప్రశ్న అడిగింది.

"అక్కా, అనుమానాస్పదమని రాస్తే వాటినేం చేస్తారు?"

"పక్కన పెడతారు. ఎవరూ చదవరు. లేనట్టే." తాజిగుల్ తల తిప్పి ఆమె బుగ్గ మీద మచ్చని చూసింది. తర్వాత చేతుల వంక చూసింది. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. "పొద్దున్న వెంట్రుకని ఎవరు కడిగారు? నేను రాగానే చూశాను, శుభ్రంగా ఉంది. మధ్యాహ్నం మీ ఆయన మీటేదాకా."

అనార్కాన్ ఇంకాస్త నీళ్ళు పోసింది.

"అమ్మాయ్, ముల్లు అబద్ధం చెప్పిందని ఎవరూ ముల్లుని శిక్షించరు. ఎప్పట్నుంచి, ఎంత, ఎందుకు చెప్పిందో తెలిస్తే చాలు, కలపాల్సింది కలిపి, తియ్యాల్సింది తీసేసి అసలు అంకె బయటికి తీస్తాం. అది రాసిపెట్టినవాళ్ళు ఉంటే ఈ పదకొండేళ్ళూ బతుకుతాయి. కానీ రాసినవాళ్ళు తమ పేరుతో సంతకం పెట్టాలి. ఎవరో రాశారంటే నేను తీసుకోను."

"పెడితే ఆయన..."

"ఉద్యోగం పోతుంది. తమ్ముడిది కూడా. ఇల్లు కేంద్రానిది, కాబట్టి ఇల్లూ పోతుంది. నీకేదో ఇప్పిస్తానని నేను మాటివ్వను. అబద్ధం చెప్పి ఆశపెట్టడం నాకు చేతకాదు." చేతులు దులుపుకుని, తుండుగుడ్డ అక్కర్లేదన్నట్టు కోటుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

మెదెర్ గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. ఆవిడ దూరం వెళ్ళాక ఆమె మీదికి ఒంటికాలి మీద లేచాడు. "ఏం వాగావు? ఏమడిగింది నిన్ను?" అనుమానాస్పదమని రాస్తే ఏమవుతుందని అడిగానని ఆమె చెప్పాక మెత్తబడ్డాడు. మెత్తబడ్డప్పుడే అతనితో కష్టం. "పిచ్చిదానా, అనుమానం అని రాస్తే నాకేమవుతుంది? ఏమీ కాదు. జీతం ఆగదు, ఇల్లు కదలదు. గాలి వెళ్ళిపోయింది, దాని అంకె పోతే ఎవరికి నష్టం? రేపట్నుంచి మళ్ళీ నువ్వే చూసుకో. నేనేమైనా అడ్డొస్తున్నానా?"

అడ్డు రాడు, అది నిజం. రాత్రి మూడింటికి ఆమె లేచి బూట్లు తొడుక్కుంటుంటే అటు తిరిగి పడుకుంటాడు, అడ్డు లేకుండా.

పిండి డబ్బా వెనక నుంచి నోట్‌బుక్కులు తీస్తుంటే కొట్టుగది గుమ్మంలో అత్త నిలబడి ఉంది. చేతిలో పొగ కోసం అర్చా చెట్టు కొమ్మలు కాల్చే రేకు డబ్బా. నిన్న శుక్రవారం రొట్టెలు వేయించాక, ఎప్పట్లాగే, ఆ కొమ్మల్ని అంటించి ఇల్లంతా తిప్పి, చివర్లో తెల్ల పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగి, దాని చెక్కల సందుల్లోంచి లోపలికి పొగ ఊదింది ఆవిడే.

"నా పొగ వల్లేనా ఇదంతా?" అంది సోనున్.

"అవునత్తా."

"పదకొండేళ్ళ నుంచీ నువ్వు దాన్ని కడుగుతున్నావా?"

"మొదట్లో నౌరుజ్ పండక్కే కదా వేసేవారు. ఈ ఏడేళ్ళ నుంచే ప్రతి శనివారం."

"ఒక్క మాట చెప్పలేదేం?"

"పెద్దవారికి ఏం చెప్పను?"

ముసలావిడ డబ్బాని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "అది అక్కడే పడింది నీ కడుపులోంచి. ఆ మెట్ల దగ్గర. పేరు లేనిది ఎటు వెళ్ళాలో తెలియక అక్కడక్కడే తిరుగుతుంటుందని... ఇంత రొట్టె వాసన, ఇంత పొగ. ఇంకేం చెయ్యగలను? చెడుని వెళ్ళగొట్టడానికని నువ్వనుకున్నావు, వాడూ అనుకున్నాడు. దానికి చలేస్తుందని వేశాను." తర్వాత, నోట్‌బుక్కుల వైపు చూడకుండా, "రాశావా అందులో? ఆ రోజుది?" అని అడిగింది.

"రాశానత్తా."

"ఏమని?"

అనార్కాన్ వెతకాల్సిన పని లేకుండానే ఆ పేజీ తీసింది. సోనున్ కి చదువు రాదు. అనార్కాన్ చదివింది. "పన్నెండు గంటలు. మైనస్ ఇరవై ఏడు పాయింటు నాలుగు. మెట్ల మీద పడ్డాను. మూడు గంటలు. మైనస్ ఇరవై ఎనిమిది. నెత్తురు ఆగలేదు. వెంట్రుక ముట్టుకోలేదు. రాత్రి. ఆడపిల్ల."

ఇద్దరూ ఏడవలేదు. ఏడవడానికి ఆ ఇంట్లో అంత తీరిక ఎప్పుడూ లేదు. అత్త గోడ వైపు తిరిగి రేకు డబ్బాని అరలో పెట్టింది, దాని మీద మూత పెట్టింది. "రాసిపెడితే లేచొస్తుందా," అంది, గోడతోనే. వద్దని మాత్రం అనలేదు. కాసేపటికి, "ఈ వయసులో నన్నెక్కడికి తీసుకుపోతాడో వాడు," అంది. అది కూడా గోడతోనే.

ఆ మాట అనార్కాన్ కి సూటిగా తగిలింది. ఈ ముసలావిడకి పొయ్యి పోతుంది. తనకీ పోతుంది. కింద ఊళ్ళో ఎవరింట్లో తలదాచుకోవాలో, ఎవరి వంటింట్లో మళ్ళీ "ఏమే" అనిపించుకోవాలో తెలియదు. ధైర్యం వచ్చిందని కాదు. కానీ లేనట్టే అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ఆ రోజు లేనట్టే. ఆ పిల్ల లేనట్టే. రేపటి నుంచి మళ్ళీ నువ్వే చూసుకో.

మూడింటికి పది నిమిషాల ముందు ఆమె బూట్లు తొడుక్కుంది. మెదెర్ రిజిస్టరు చంకలో పెట్టుకుని అప్పటికే కంచె దగ్గర తాజిగుల్ పక్కన నిలబడి ఏదో హాస్యమాడుతున్నాడు. అనార్కాన్ పధ్నాలుగు నోట్‌బుక్కుల మూటతో వచ్చి, మూటని మంచు మీద పెట్టి, అతని చంకలోంచి రిజిస్టరు తీసుకుంది. బలవంతంగా కాదు. వేడి గిన్నెని చేతిలోంచి అందుకున్నట్టు అలవాటుగా తీసుకుంది, అందుకే అతనూ అలవాటుగా ఇచ్చేశాడు. ఇచ్చాక, "ఏమే, ఏంటిది?" అన్నాడు.

మెట్లెక్కింది. వేలాడే తలుపుని భుజంతో ఆపి, ఊపిరి బిగబట్టింది. ముందు చిన్న అంకె. తర్వాత పెద్దది. తడిగుడ్డ. కొవ్వంటిన వెంట్రుక దగ్గర ముల్లు ఎక్కడుందో చూసింది. దిగి, గిన్నెల తిరుగుడు లెక్కపెట్టింది. వరసగా రాసింది. తాజిగుల్ తన పరికరంలో చూసుకుంటూ ఒక్కో అంకెకీ తలూపింది, తేమ దగ్గర మాత్రం ఆగింది. అనార్కాన్ ఖాళీగా ఉండే "గమనికలు" గడిలో మొట్టమొదటిసారి రాసింది. "పన్నెండు గంటలకి వెంట్రుకకి కొవ్వు చెయ్యి తగిలింది. కడగాలి."

"ఎవరి చెయ్యో కూడా రాస్తావా?" అన్నాడు మెదెర్. ఆ గొంతులో గాంభీర్యం లేదు, నవ్వూ లేదు.

పక్క గడి "చూసినవారి సంతకం". చెయ్యి దానంతట అదే వంకీ తిప్పింది. గొర్రెకొమ్ము సగం వచ్చేసింది. అనార్కాన్ పెన్సిలు ఆపి, దాన్ని చూసింది. ఎంత చక్కగా వచ్చింది. మెదెర్ కి ఎప్పటికీ ఇంత బాగా రాదు. అడ్డంగా ఒక గీత గీసి కొట్టేసింది. పక్కన ఏం రాయాలో కాసేపు తోచలేదు. తన సంతకం ఎలా ఉంటుంది? పెళ్ళిరోజున రిజిస్ట్రారు బల్ల మీద పెట్టింది చివరిది. వంకీ ఉండేదా, చుట్ట ఉండేదా, ఒక్కటీ గుర్తు రాలేదు. రెండు సంతకాలు నేర్చిన చెయ్యి మూడోది, తనది, మర్చిపోయింది.

"పేరు చెప్పు, చాలు," అంది తాజిగుల్. "బడిలో పిల్లలు రాసినట్టు రాసినా పనికొస్తుంది."

"అనార్కాన్," అంది. గాలికి ఆ మాట కంచె దాటి పోయింది. ఇంటి గుమ్మంలో నిలబడ్డ అత్తకి కూడా వినపడే ఉంటుంది.

అక్షరం అక్షరం విడివిడిగా రాసింది. తాజిగుల్ మూట విప్పి, "ఇక వీటిల్లో ప్రతి పేజీకీ పెట్టాలి. మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టు. సాయంత్రమవుతుంది, పరవాలేదు, నేనుంటాను," అంది.

"ఏమే, ఆలోచించుకో," అన్నాడు మెదెర్ వెనక నుంచి. "మళ్ళీ ఇంకొకసారి ఆలోచించుకో."

అనార్కాన్ మొదటి పుస్తకం తియ్యలేదు. అయిదోది తీసింది. జనవరి పేజీ తెరిచి, మంచు మీద మోకాళ్ళూని, ఒళ్ళో పెట్టుకుంది. "ఆడపిల్ల" అన్న మాట కింద కొంచెం చోటు ఉంది. అక్కడ ముందు ఒక పేరు రాసింది, ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా మనసులో పెట్టుకున్న పేరు. దాని కింద, పుట్టిన పిల్లలకిచ్చే కాగితం మీద అమ్మ గడిలో రాసినట్టు, తన పేరు రాసింది.